పరదేశికి మనము పెట్టు పేరు

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:33, 34, అపొస్తలుల కార్యములు 11:19–26



మా సంఘములోని ఒక విధవరాలి కుమారుడు సరుకుల ఓడలో పని చేయుచున్నాడు. కొంత కాలము క్రిందట అతని ఓడ స్పెయిను దేశమందలి బార్సిలోనా రేవులో ఆగినది. అతడు ఊరు చూచి వచ్చి, ఆ రాత్రి మాకు ఫోను చేసి ఒక ప్రశ్న అడిగెను. "అయ్యగారూ, ఇక్కడ పండ్ల అంగడివాడు ఎండకు కమిలి ఎఱ్ఱబడిన ఇద్దరు తెల్లవాళ్లను చూచి, పక్కవానితో 'గిరి' అని చెప్పి నవ్వినాడు. మనకు గిరి అంటే కొండ గదా! వీళ్లకేమిటి?" అని. మాకు తెలియదంటిమి. విచారించి చెప్పుదుమని మాట ఇచ్చితిమి.

మాట ఇచ్చుట సులభము. విచారింపబోగా ఆ చిన్న మాట వెనుక ఒక యుద్ధమును, ఒక సముద్రమును, పండితుల తగవును కనబడినవి. చివరకు అది మన గుమ్మము వరకును వచ్చినది. అందుచేతనే ఈ నెల ధ్యానమునకు దీనిని తీసికొనుచున్నాము. ఇదేమి విచిత్రమైన పాఠమని తలంపకుడి.

మొదట మాటకు అర్థము చెప్పుదుము. స్పెయినులో గిరి అనగా పరదేశి. అందరు పరదేశులును కారు. ఇంగ్లండు, జర్మనీ, స్వీడను మొదలగు చలి దేశముల నుండి ఎండ కొరకును సముద్రపు ఒడ్డు కొరకును వచ్చువారిని ముఖ్యముగా ఈ పేరుతో పిలుతురు. చెప్పులలో మేజోళ్లు తొడిగికొని, మధ్యాహ్నపు ఎండలో తిరిగి ఒళ్లు కాల్చుకొని, రెండు స్పానిషు మాటలు తప్పుగా పలుకువాడు గిరి. 2024వ సంవత్సరములో ఆ దేశమునకు 9 కోట్ల 38 లక్షల మంది యాత్రికులు వచ్చిరి. అనగా ఆ దేశపు జనసంఖ్యకు దాదాపు రెట్టింపు. అంతమంది వచ్చిపోవుచోట వారికొక పేరు పుట్టకుండునా? గిరి తిట్టు కాదు, మర్యాద మాటయు కాదు. ఎకసెక్కెము. అక్కడ కాపురమున్న పరదేశులలో కొందరు నవ్వుచు తామే ఆ పేరు చెప్పుకొందురు. అయితే ఒక మాట ఎంత బరువైనదో విసరిన చేయి చెప్పలేదు, తగిలిన వీపు చెప్పవలెను.

ఈ మాట ఎక్కడ నుండి వచ్చినది? ఇక్కడనే తగవు.

ఎక్కువ మంది చెప్పు కథ ఇది. 1833వ సంవత్సరము సెప్టెంబరు నెలలో స్పెయిను రాజైన ఏడవ ఫెర్డినాండు మరణించెను. అతని కుమార్తె ఇసబెల్లాకు అప్పటికి మూడేండ్లు నిండలేదు. బిడ్డ పేర తల్లియైన మరియా క్రిస్టీనా రాజ్యభారము వహించెను. రాజు తమ్ముడు కార్లోసు ఇది చెల్లదని, సింహాసనము తనదని లేచెను. దేశము రెండుగా చీలినది. కార్లోసు పక్షమువారు కార్లిస్టులు, క్రిస్టీనా పక్షమువారు క్రిస్టీనోలు. ఉత్తరపు కొండలలో నివసించు బాస్కు ప్రజలలో కార్లిస్టులకు బలము ఎక్కువ. వారి భాష స్పానిషుకు గాని, ఐరోపాలోని మరి ఏ భాషకు గాని చుట్టము కాదు. ఆ భాషకు పాతకాలము నుండి ఒక అలవాటున్నది. మాట మొదట రెండు హల్లులు కలిసి వచ్చిన యెడల నాలుక ఒప్పుకొనక, నడుమ ఒక అచ్చును చొప్పించును. ఆ విధముగా క్రిస్టీనో అనునది వారి నోట గిరిస్తినో ఆయెను. గిరిస్తినో తరిగి గిరి ఆయెను. మొదట రాణి పక్షమువారికి, తరువాత రాణి సిపాయిలకు, బహుకాలము తరువాత పరదేశులకు ఆ పేరు అంటుకొన్నదని ఈ కథ చెప్పును. స్పెయిను రాజ అకాడమీవారి నిఘంటువు కూడ గిరికి ఈ బాస్కు మూలమునే ఇచ్చుచున్నది.

ఇది చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. ఏలయనగా బాస్కు భాషలో, ముఖ్యముగా ఫ్రాన్సు సరిహద్దుకు ఆవలి వైపున, గిరిస్తినో అనునది క్రైస్తవునికే పేరు. సహోదరులారా, మన ఊళ్లలో పెద్దలు మనలను ఏమని పిలిచిరి? కిరస్తానీవాళ్లనిరి. "ఆ కిరస్తానీ బావి దగ్గరకు రానీయకుడి" అను మాట మన తాతలు విన్నారు. మన నాలుకలును జంట హల్లును విడదీయుచునే యున్నవి. ప్రార్థనను పెరార్థన అను ముసలమ్మలు మన సంఘములలో నేటికిని ఉన్నారు, వారి పెరార్థనను దేవుడు ఆలకించుచునే యున్నాడు. స్పెయిను కొండలలో గిరిస్తినో, గోదావరి కృష్ణల మధ్య కిరస్తానీ! ఒకరి మాట ఒకరు వినని రెండు దేశములలో అదే పేరు అదే విధముగా నలిగి, అదే విధముగా కొంచెపు మాట ఆయెను. బార్సిలోనాలో అంగడివాడు తెల్లవారి మీదికి విసరిన మాట, ఈ కథ నిజమైతే, మన తాతల మీద పడిన మాటకు తోబుట్టువే.

ఈ కథలో ఒక లోపమున్నదని కూడ చెప్పవలెను. క్రిస్టీనా సిపాయిలు పరదేశులు కారు, స్పెయినువారే. వారి పేరు తరువాతి కాలమున ఇంగ్లీషు యాత్రికులకు ఎట్లు అంటినది? మధ్య దారి సరిగా కనబడదు. అయితే రెండు సంగతులను మరువరాదు. క్రిస్టీనా రాణియే పరదేశపు ఆడపడుచు, ఇటలీలో పుట్టి కోడలై వచ్చినది. ఆమె పక్షమున పోరాడుటకు 1835లో ఇంగ్లండు నుండి సుమారు 10,000 మంది సిపాయిలు డి లేసీ ఎవాన్సు అను సేనాపతి క్రింద దిగిరి. గిరిస్తినోలలో నిజమైన పరదేశులు అప్పుడే చేరిరి గదా. అందువలననే పేరు దారి మళ్లినదని మేము రుజువు చేయజాలము. కాని ఆ యుద్ధములో పరదేశి అను పేరు నవ్వులాట కాలేదు. ఇరు పక్షములవారు పట్టుబడిన సిపాయిలను చంపక మార్చుకొనవలెనని ఆ సంవత్సరము ఏప్రిలులో ఒడంబడిక జరిగెను. రెండు నెలలకే కార్లోసు డురాంగో పట్టణము నుండి ఒక ఆజ్ఞ పుట్టించెను. ఆయుధము పట్టిన పరదేశులకు ఆ ఒడంబడిక వర్తింపదు, పట్టుబడినచో చావే. ఒకే సేన, ఒకే జెండా, ఒకే నేరము. స్పెయినువాడైతే బ్రదుకును, పరదేశియైతే చచ్చును.

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయము మీకు జ్ఞాపకము వచ్చి యుండును. యొర్దాను రేవుల యొద్ద గిలాదువారు కాపు కాసి, దాటవచ్చినవానిని షిబ్బోలెతు అనుమని అడిగిరి. ఎఫ్రాయిమువానికి ఆ అక్షరము తిరుగదు, సిబ్బోలెతు అనును. అంతటితో అతని పని సరి. ఆ దినములలో పడినవారు 42,000 మంది. వారు అన్యజనులు కారు, ఒకే తండ్రి పిల్లలు. ఒక్క అక్షరము తేడా.

ఇక రెండవ కథ. తురుష్క భాషలో గావుర్ అను మాట యున్నది. తమ మతము కానివాడని, అవిశ్వాసి అని దానికి అర్థము. తురుష్క సామ్రాజ్యములో ఆ మాట ఎక్కువగా ఎవరి మీద పడినదనుకొందురు? అక్కడి క్రైస్తవుల మీదనే. అది ఆఫ్రికా ఉత్తర తీరమునకు వెళ్లి, మొరాకో మొదలగు తావుల అరబీలో గావ్రీ ఆయెను. నేటికిని అక్కడ ఐరోపా మనుష్యుడు గావ్రీయే. మొరాకోకును స్పెయినుకును నడుమ సముద్రము ఇరుకైన చోట 14 కిలోమీటర్లే. రేవులలో బేరములాడువారి నోట గావ్రీ ఈవలి ఒడ్డుకు వచ్చి గిరి కాలేదా అని కొందరడుగుదురు. దూరము తక్కువ, అర్థము అచ్చముగా సరిపోయినది, అక్షరములే కొంచెము బిగువుగా నున్నవి. మా మట్టుకు మాకు మొదటి కథ వైపే మొగ్గు, కాని ప్రమాణము చేసి చెప్పము.

చూడుడి, ఒక కథలో గిరికి మూలము క్రైస్తవుడను మాటకు చుట్టము. ఇంకొక కథలో క్రైస్తవుని అవిశ్వాసి అని పిలిచిన మాట. ఏ దారిని వెళ్లినను ఆ పేరు మోసినవారిలో మనవారే కనబడుచున్నారు.

మరి రెండు కథలను త్వరగా చెప్పి విడిచెదము. రాజు అంగరక్షక కాల్బలము టోపీల మీద మూడు అక్షరములుండెననియు, వాటిని కూర్చి చదువగా గిరి వంటి శబ్దము వచ్చెననియు ఒకటి. ఇట్టి అక్షరముల కథలు వినుటకు ముచ్చటగా నుండును, తరచుగా వెనుక నుండి కట్టినవై యుండును. రెండవది, అర్థము కాని గలగలను స్పానిషులో గిరిగాయ్ అందురు, దానిలో సగము గిరి అని. ఇదియు నిశ్చయము కాదు. కాని దీనిలో ఒక పాత సత్యమున్నది. గ్రీకులు తమ భాష రానివారు బర్ బర్ అని కూయుచున్నట్లు వినబడగా వారిని బర్బరులనిరి. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14:11లో వాడిన గ్రీకు మాట అదే. మన తెలుగు బైబిలులో పరదేశి అని ఉన్నది. పౌలు దానిని రెండు వైపులకును త్రిప్పినాడు. నీ మాట నాకు తెలియనప్పుడు నీవు నాకు బర్బరుడవైతే, నేనును నీకు అంతే గదా! లూకా కూడ మెలితే ద్వీపవాసులను ఆ పేరుతోనే పిలిచెను. పిలిచి, వెంటనే వారి దయను వ్రాసెను. ఓడ పగిలి, వానలో చలిలో ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన 276 మందికి ఆ బర్బరులే మంట వేసిరి.

గ్రింగో అను మాటను మీలో చదువుకొన్నవారు విని యుందురు. మెక్సికోలో అమెరికా సంయుక్త రాష్ట్రములవారికి అది పేరు, అర్జెంటీనాలో ఇటలీ నుండి వచ్చినవారికి పేరు. 1846లో అమెరికా సేనలు మెక్సికో మీదికి వచ్చినప్పుడు, పచ్చని దుస్తుల సిపాయిలను పొమ్మని ప్రజలు ఇంగ్లీషులో కేకలు వేయగా ఆ మాట పుట్టెనని ఇప్పటికిని చెప్పుదురు. ఆ సిపాయిల దుస్తులు నీలివి! పైగా ఆ యుద్ధమునకు 59 సంవత్సరముల ముందే, 1787లో అచ్చుపడిన స్పానిషు నిఘంటువు భాగములో ఆ మాట ఉన్నది. మాలగా పట్టణములో స్పానిషును యాసగా పలుకు పరదేశులను, మాద్రిదులో ముఖ్యముగా ఐర్లండువారిని అట్లందురని వ్రాసి యున్నది. గ్రీకువాడు అను మాటయే చెడి గ్రింగో అయినదని కొందరు పండితులు, యాత్రికుడు అను మాట చెడినదని కొందరు. ఆ నిఘంటువు వ్రాసినవాడు ఎస్తెబాన్ దె తెర్రెరోస్ అను జెస్యూటు గురువు. 1767లో రాజు జెస్యూటులనందరిని దేశము నుండి వెడలగొట్టగా అతడును వెడలి, 1782లో ఇటలీలోని ఫోర్లి పట్టణములో మరణించెను. తన పుస్తకము అచ్చులో చూడలేదు. పరదేశుల యాసకు స్పెయిను పెట్టిన పేరును ఎత్తి వ్రాసినవాడు, తాను పరదేశియై కన్ను మూసెను.

ఇట్టి తగవు మన బైబిలులో లేదనుకొనకుడి. హెబ్రీయుడు అను పేరు మొదట ఆదికాండము 14:13లో అబ్రాహామునకు వచ్చినది. అది ఏబెరు అను పితరుని పేరు నుండి వచ్చెనని కొందరును, నది దాటి వచ్చినవాడని కొందరును చెప్పుచున్నారు, నేటికిని తీరలేదు. ఆ మాట ఎక్కువగా ఎవరి నోట వినబడునో గమనించితిరా? పోతీఫరు భార్య యోసేపు మీద నేరము మోపినప్పుడు అతని పేరు చెప్పలేదు, హెబ్రీయుడనినది. పేరు చెప్పిన యెడల ఇంటిలో నమ్మకముగా పని చేసిన మనిషి జ్ఞాపకము వచ్చును. హెబ్రీయుడనిన యెడల వినువారికి ఒక జాతియే కనబడును. ఐగుప్తీయులు హెబ్రీయులతో కలిసి భోజనము చేయరని ఆదికాండము 43:32 చెప్పుచున్నది. అది యోసేపు అధికారియైన తరువాత, అతని ఇంటిలోనే.

లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు పరదేశిని గూర్చి ఆజ్ఞ ఇచ్చునప్పుడు ఈ ఐగుప్తునే జ్ఞాపకము చేయుచున్నాడు. మీ దేశములో నివసించు పరదేశిని మీలో పుట్టినవానివలె చూడవలెను, మీవలెనే ప్రేమింపవలెను. ఎందుకు? పుణ్యము వచ్చునని చెప్పలేదు. మీరును ఐగుప్తులో అదే పేరుతో బ్రదికిన సంగతి ఎరుగుదురు గదా అని చెప్పినాడు. ఆ పేరు ఎట్లు తగులునో తెలిసినవారికి ఇచ్చిన ఆజ్ఞ అది.

అంతియొకయలో జరిగినదియు అంతే. శిష్యులు తమకు తాము క్రైస్తవులమని పేరు పెట్టుకొనలేదు. ఒకరినొకరు సహోదరులు, పరిశుద్ధులు, శిష్యులు అని పిలుచుకొనిరి. హేరోదు పక్షమువారిని హేరోదీయులన్నట్లు, ఊరివారు వీరిని క్రీస్తు పక్షమువారనిరి. కార్లిస్టులు క్రిస్టీనోలన్నట్లే. క్రొత్త నిబంధన అంతటిలో ఆ మాట మూడుసార్లే ఉన్నది. ఒకసారి అంతియొకయలో. ఒకసారి అగ్రిప్ప నోట, అదియు సగము పరిహాసముగా. మూడవసారి పేతురు వ్రాసినప్పుడు, ఆ పేరు వలన శ్రమ కలిగినను సిగ్గుపడవద్దని. వీధిలో పెట్టిన ఆ పేరును మనము ఇప్పుడు గుడి గోడల మీద వ్రాసికొనుచున్నాము.

ఇప్పుడు మా గుమ్మము సంగతి.

మా ఊరి చెరువు వెనుక ఇటుక బట్టీ ఉన్నది. ఏటేట పండుగకు ముందు ఒడిశా పడమటి జిల్లాల నుండి కుటుంబములు వచ్చి, వానలు పడు వరకు ఇటుకలు కోయుదురు. వారి మాట మనకు రాదు, మన మాట వారికి రాదు. అంగడిలోనైనను రేవులోనైనను మనము ఏదైనా చెప్పినప్పుడు వారు "కాణా?" అందురు. అందుచేత ఊరు వారికి కాణావాళ్లని పేరు పెట్టినది. పేరు ఎవరు పెట్టిరో ఎరుగము. వాడినవారిలో మేమును ఉన్నాము. గుడి ప్రహరీ పడిపోయినప్పుడు "ఇద్దరు కాణావాళ్లను పిలువుమా" అని మేమే సంఘ పెద్దతో అంటిమి. అది తప్పని ఆనాడు తోచనేలేదు.

మొన్న ఒక ఆదివారము ఉదయమున, ఏడేండ్ల పిల్లవాడొకడు బట్టీ నుండి వచ్చి ఆదివార బడి గుమ్మములో నిలిచినాడు. పాట వినబడి వచ్చి యుండును. మన పిల్లలు చూచి "కాణా! కాణా!" అని చప్పట్లు చరచిరి. బోధించు అక్కయ్యయు నవ్వు ఆపుకొనలేకపోయినది. మేము వసారాలో నిలువుటద్దమువలె నిలిచి చూచుచు ఒక్క మాట అనలేదు. పిల్లవాడు తానును కొంచెము నవ్వి, వెనుకకు నడిచి, పరుగెత్తినాడు. ఓడలోని కుర్రవాడు ఫోను చేసినది ఆ వారములోనే.

గిరి గూర్చి అంతయు చదివిన తరువాత మేము బట్టీకి వెళ్లితిమి. తెలుగు వచ్చిన మేస్త్రీ ఒకడు అక్కడ ఉన్నాడు. వాళ్ల భాషలో కాణా అంటే ఏమిటని అడిగితిమి. అతడు మా వైపు వింతగా చూచి, "ఏమిటి అనే అర్థమండి, అయ్యగారూ. మీరు చెప్పినది తెలియక, ఏమిటని అడుగుతారు" అనెను.

పిల్లవాడు మట్టి తొక్కుచున్న తల్లి వెనుక దాగినాడు. మేము దగ్గర కూర్చుండి, "నీ పేరేమి, నాయనా?" అంటిమి. వాడు మా ముఖము చూచి "కాణా?" అనెను. మేస్త్రీ వాని భాషలో మరల అడిగినాడు. వాడు చెప్పినాడు. మాకు మొదటిసారి సరిగా పలుకుట రాలేదు, వాడు నవ్వి దిద్దినాడు. రెండవసారియు దిద్దినాడు.

ఆదివార బడి పట్టీలో ఆ పేరు వ్రాసితిమి. ఆ ఉదయము జరిగినదానిని గూర్చి పిల్లలతోను అక్కయ్యతోను మాటలాడితిమి, మా సంగతి మొదట ఒప్పుకొని. వాని తల్లి వానిని మరల పంపునో లేదో చూడవలెను. వానలు పడగానే వారు వెళ్లిపోవుదురు. దానికి ఇంకను ఏడు ఆదివారములున్నవి.